పీర్లు ఎత్తడానికి ఎవరొస్తారని లాలయ్య అడిగాడు

పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ పోయే దారిలో, కంపెనీ బస్సులు ఆగే మలుపు దగ్గర దూదేకుల లాలయ్యకు ఒక పరుపుల దుకాణం ఉండేది. బీహారు నుంచీ ఒడిశా నుంచీ మందుల కంపెనీల్లో పనికి వచ్చినవాళ్లు కిరాయి గదిలో దిగిన రోజే అతని దగ్గరికి వచ్చేవారు. ఒక తాళంచెవి, ఒక బకెట్, లాలయ్య కుట్టిన పరుపు: ఆ గదుల్లో సంసారాలు వీటితోనే మొదలయ్యేవి.

మధ్యాహ్నం షిఫ్టు మారాక బేరాలు ఉండవు. ఆ వేళకు లాలయ్య దూది ఏకుడు మిషను ఆపి, తలమీది దూదిపింజెలు దులుపుకొని పక్క గదిలోని ఇంటర్నెట్ సెంటరులోకి నడిచేవాడు. దాన్ని నడిపే ప్రహ్లాద్, సంగారెడ్డిలో ధాన్యం వ్యాపారం చేసే కాశీనాథ్ సేటు కొడుకు. తండ్రి అంగట్లో కూర్చోవడం ఇష్టంలేక ఇక్కడ దుకాణం పెట్టుకున్నాడు.

"కాకా, కీబోర్డు మీద దూది రాల్చకు. నిన్న ఒక మీట ఇరుక్కపోయింది."

"రాల్తే రాలనియ్. ఇంకో ఏడాదైతే నీ కంప్యూటర్లకెళ్లి ఒక దిండు ఎల్తది," అనేవాడు లాలయ్య, కళ్లజోడు సర్దుకుంటూ.

అది 2006వ సంవత్సరం. ప్రహ్లాద్ సాయంతో లాలయ్య ఆర్కుట్‌లో ఒక కమ్యూనిటీ తెరిచాడు. దాని పేరు 'ఈదులకుంట మనోళ్లు'. ఈదులకుంట జిన్నారం అవతల ఉన్న అతని ఊరు. ఎనభైలలో కంపెనీలు వచ్చినప్పుడు ఊరి భూమి చాలావరకు వాటికి పోయింది. భూమి పోయిన ఇళ్ల పిల్లలు కొందరు ఆ కంపెనీల్లోనే హెల్పర్లుగా చేరారు. కొందరు సంగారెడ్డిలో, కొందరు హైదరాబాదులో, ఇద్దరు ముగ్గురు దుబాయిలో తేలారు. వాళ్లంతా ఒకచోట కలుసుకోవాలన్నది లాలయ్య కోరిక. అతనికి ఒంటివేలితో, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయడం వచ్చింది. అంతకు మించి అక్కర్లేదనుకున్నాడు.

ఆ కమ్యూనిటీకి ఒకే నియమం. ఎవరికి ఏమి చెప్పదలచుకున్నా ముందు వరస పెట్టి పిలవాలి. అన్న, బావ, మామ, అల్లుడు, చిన్నాయన, ఏదో ఒకటి. వరస తెలియకపోతే పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి. బయటివాళ్లు చేరితే వయసు చూసి లాలయ్యే ఒక వరస ఇచ్చేవాడు.

"ఇదేం రూలు కాకా, ఇంటర్నెట్ల బామ్మర్దులేంది?" అని ప్రహ్లాద్ నవ్వాడు.

"మామా అని పిలిచినోడు తర్వాత తిట్టలేడు. జెర సిగ్గైతది."

ఈ నమ్మకం లాలయ్యకు ఊరు ఇచ్చింది. ఈదులకుంటలో కులం వేరైనా, మతం వేరైనా, పుట్టిన ప్రతివాడికీ మిగతా ఊరంతటితో ఒక వరస ఉండేది. లాలయ్య తండ్రి, రైతు కిష్టప్ప తండ్రి ఒకరినొకరు బామ్మర్దీ అని పిలుచుకున్నారు. కనుక లాలయ్యకు కిష్టప్ప బావ. కిష్టప్ప కొడుకు వెంకటేశానికి లాలయ్య మామ. దీనికి రక్తమూ సాక్ష్యమూ అక్కర్లేదు.

ఊరు దాటితే మాత్రం లాలయ్యకు ఆ భద్రత లేదు. దూదేకులవాళ్లు ముస్లిములే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగు. పటాన్‌చెరు మసీదులో పక్కనున్నవాడు ఉర్దూలో పలకరిస్తే లాలయ్య తడబడేవాడు. "నామ్ క్యా బోలే? లాలయ్య?" అని వాళ్లు రెండోసారి అడిగేవారు. కిరాయి ఇంటి కోసం పోతే పేరు విని సరేనన్న యజమానురాలు, సామాను దించేటప్పుడు అతని భార్య జానమ్మ మాటల మధ్యలో 'అల్లా' అనడం విని మాట మార్చింది. ఇటువాళ్లకు సగం మనిషి, అటువాళ్లకు సగం మనిషి. ఈ లెక్క ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు తీసేవారు.

తీయని చోటు ఒకటి ఉండేది. ఏటా పీర్ల పండుగనాళ్లలో అతను ఈదులకుంటలో ముజావరు. ఆ పదిరోజులు అతను ఏమిటన్నది ఎవరికీ సందేహం లేదు.

ముజావరంటే పీర్లను చూసుకునేవాడు. మొహర్రం చంద్రవంక కనబడిన మరునాడు పీర్ల కొట్టం ముందు గుద్దలి వేయడం, అంటే నిప్పుల గుండం కోసం నేలమీద మొదటి పోటు పొడవడం, లాలయ్య ఇంటివాళ్ల పని. ఆ చప్పుడుకు డప్పులు వచ్చేవి, డప్పులకు ఊరు వచ్చేది. ఎవరినీ పిలిచే ఆచారం లేదు. చివరిరోజు సవారికి, అంటే ఊరేగింపుకు, ముజావరు లోహపు పీరును కడిగి, పట్టుగుడ్డల దట్టీలు కట్టి, వెదురు గడకు బిగించి గడప దాకా తెస్తాడు. గడప దాటించేది మాత్రం ఆ పీరు ఏ ఇంటిదో ఆ ఇంటి మగవాడే. పెద్దదైన హుస్సేన్ పీరు కిష్టప్ప ఇంటిది. ఊరిలోని మూడు పీర్లలో అది లేవనిదే మిగతా రెండూ లేవవు. "మనమే ఎత్తుకొని బైటికొస్తే అది సవారి కాదురా, సామాన్లు మోసుడైతది," అని లాలయ్య తండ్రి చెప్పేవాడు.

కిష్టప్ప పాతికేళ్లు ఆ పీరును ఎత్తాడు. వాగులో నీళ్లు కంపుకొట్టి, రంగు మారిన తరువాత, పండుగ చివర పీర్లకు చేయించే అంతిమస్నానానికి ప్లాస్టిక్ డ్రమ్ములో బోరునీళ్లు మోసుకుపోయి అయినా పండుగ నడిపాడు. మోకాళ్లు అరిగాక ఆ భుజం కొడుకుకు ఇచ్చాడు. వెంకటేశం ఒక కంపెనీలో సూపర్‌వైజరై, సంగారెడ్డి అంచున పోతిరెడ్డిపల్లిలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఐనా పండుగరోజు పొద్దున్నే మోటారుసైకిలు మీద వచ్చి, తలస్నానం చేసి, పీరు కింద భుజం పెట్టేవాడు.

2007 జనవరిలో జరిగిన సవారిని ప్రహ్లాద్ తన కెమెరాతో ఫోటోలు తీశాడు. వాటిలో ఒకటి లాలయ్య కమ్యూనిటీలో పెట్టాడు. వెంకటేశం భుజంమీద హుస్సేన్ పీరు, ఆకుపచ్చ దట్టీ గాలికి లేచి అతని ముఖాన్ని సగం కప్పింది, మిగతా సగంలో నవ్వు. దుబాయి నుంచి ఎవరో 'అల్లుడు పెండ్లికొడుకు లెక్క ఉన్నడు' అని రాశారు. లాలయ్య ఆ మాటను జానమ్మకు వినిపించాడు. ఊరికి పోయినప్పుడు కిష్టప్పకూ వినిపించాడు.

ఆ ఏడాది దసరా దాటిన తరువాత వెంకటేశం ఒకరోజు దుకాణం ముందు బండి ఆపాడు.

"మామా, చాయ్ తాగుదాం రా."

చాయ్ వచ్చేదాకా అతను పరుపుల ధరల గురించి మాట్లాడాడు. గ్లాసు చేతికి వచ్చాక తల దించుకొని అన్నాడు, "ఆ ఫోటో జెర తీసేస్తవా?"

"ఏ ఫోటో?"

"నేను పీరు ఎత్తుకున్నది."

"మంచిగొచ్చింది గదరా. మీ నాయినకు జెప్తే సంబురపడ్డడు."

"మంచిగనే ఉన్నది. మా కాలనీల గుడి కమిటీకి నన్ను సెక్రటరీ జేసిండ్రు మామా. మొన్న మీటింగుల ఒకాయన అది ప్రింటు తీసి పట్టుకొచ్చిండు. సెక్రటరీ సాబ్, సలామాలేకుం అన్నడు. అందరు నవ్విండ్రు."

"నువ్వేమన్నవ్?"

"నేను గూడ నవ్విన."

చాయ్ చల్లారకముందే లాలయ్య పక్క గదికి పోయి ఫోటో తీసేయించాడు. అల్లుడి మీద అతనికి కోపం రాలేదు. తప్పు తనదే అనుకున్నాడు. ఒక మనిషి ముఖాన్ని నలుగురిలో పెట్టేముందు ఆ మనిషిని అడగాలి, తను అడగలేదు. ఆ ఆలోచన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఫోటోకే అడగాల్సి ఉంటే, పీరు ఎత్తడానికి అడగనక్కర్లేదా? వచ్చేవాళ్లలో ఎంతమంది వెంకటేశం లాగా లోపల నలుగుతూ వస్తున్నారో తనకు ఏం తెలుసు? ఇష్టం ఉన్నవాళ్లే వస్తే పండుగకు గౌరవం, వాళ్లకూ గౌరవం.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు జానమ్మ దిండుగలీబు కుడుతోంది. సూది ఆపింది.

"అడుగుతవా? మీ నాయిన ఎన్నడన్న అడిగిండా?"

"నాయిన కాలంల అందరు ఒక్క ఊర్లనే ఉండె. ఇప్పుడు ఒక్కొక్కలు ఒక్కొక్క దిక్కు. ఇష్టం లేనోన్ని మొగమాటంల పెట్టుడు మంచిది గాదు."

"మొగమాటం లేకుంట ఏ పండుగ నడిచిందయ్యా? మా అక్క బిడ్డ పెండ్లికి నువ్వు ఇష్టంతోనే వచ్చినవా?"

"అది వేరు."

"ఏం వేరు లేదు. అడిగితే మనిషి లెక్కలేస్తడు," అని ఆమె మళ్లీ సూది అందుకుంది.

చంద్రవంకకు నెల ముందు, డిసెంబరులో, లాలయ్య కమ్యూనిటీలో రాశాడు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. 'అన్నలకు, తమ్ములకు, బావలకు, అల్లుళ్లకు దండాలు. ఈసారి పీర్ల పండుగకు ఎవరెవరు వస్తరో, పీర్లు ఎవరు ఎత్తుతరో చెప్పండ్రి. రాబుద్ధి కాకపోతే అది గూడ చెప్పండ్రి. నాకేం కోపం లేదు.'

ప్రహ్లాద్ చదివి, "ఇట్ల రాస్తే సిగ్గుపడి ఎవరూ చెప్పరు కాకా. ఓటింగు పెడదాం. పీర్లు ఎత్తాలె, వద్దు, రెండే మాటలు. పేరు కనబడదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నాడు.

ఎవరికీ ఇబ్బంది ఉండదన్న మాట లాలయ్యకు నచ్చింది. సరేనన్నాడు.

మొదటి రోజుల్లో ఎత్తాలన్నవాళ్లే ఎక్కువ. దుబాయిలో ఉన్న తమ్ముడి వరస మనిషి ఒకడు తను రాలేకపోయినా ఓటు వేశానని, పీర్లకు పెట్టే తీపి మలీద ముద్ద ఒకటి తన పేరున ఎవరైనా తినమని రాశాడు. లాలయ్య ఆ సాయంత్రం మిషను దగ్గర కూనిరాగం తీశాడు. తరువాత ఊరి కుర్రవాడు ఒకడు, కూకట్‌పల్లిలో చదువుకునేవాడు, రాశాడు. 'పెద్దనాయినా, నువ్వు అడిగినవు కాబట్టి చెప్తున్న. చిన్నప్పుడు తెల్వక ఎగిరినం. అది వేరేవాళ్ల పండుగ. వాళ్లది వాళ్లు చేసుకుంటే మంచిది. తప్పుగా అనుకోవద్దు.' అడిగినవు కాబట్టి అన్న మాట దగ్గర లాలయ్య వేలు కాసేపు ఆగిపోయింది. అంతకుముందటి ఏడు గుండం చుట్టూ చెమటలు కారేలా ఆడినవాళ్లలో ఆ కుర్రవాడూ ఉన్నాడు.

సంగారెడ్డిలో ట్యూషన్లు చెప్పే అజీజుద్దీన్ అనే ఆయన కూడా ఆ కమ్యూనిటీలో సభ్యుడు. లాలయ్య ఆయనకు అన్న వరస ఇచ్చాడు. ఆయన మర్యాదస్థుడు. ఎప్పుడూ సలాముతో మొదలుపెట్టి దువాతో ముగిస్తాడు. ఆయన ఇలా రాశాడు. 'లాల్ భాయ్, బురా మత్ మాన్‌నా, తప్పుగా అనుకోకండ్రి. పీర్లు ఎత్తడం మన దీన్‌లో, మన మతంలో లేదు. మీ తాతలకు చెప్పేవాళ్లు లేరు, అందుకే అట్ల చేసిండ్రు. మీరు నమాజీ మనిషి. ఇది వదిలేస్తే అల్లా సంతోషిస్తడు.'

దాని కింద కూకట్‌పల్లి కుర్రవాడు వెంటనే రాశాడు. 'చూసిండ్రా పెద్దనాయినా, మీవాళ్లే మీది కాదంటున్నరు. మీది కాకపోతే, మాది కాకపోతే, మరి ఎవరిది?'

లాలయ్య జవాబు రాయడానికి కూర్చున్నాడు. తాము నమాజు చదువుతామని, రోజాలు ఉంటామని, బోనాలకు ఎదురు నీళ్లు పోస్తామని, పీర్లకు దట్టీలు కడతామని, ఈ నాలుగింటికీ తమ ఇంట్లో ఎన్నడూ తగవు రాలేదని రాశాడు. చదివితే తనకే అర్జీలాగా అనిపించింది. అయినా పెట్టాడు. ఎవరో కొత్త మనిషి, ఈదులకుంట ఎక్కడుందో బహుశా తెలియని మనిషి, కాకా అని ఎంతో వినయంగా పిలిచి అన్నాడు. 'కాకా, ముందు మీరెవరో మీరు తేల్చుకోండ్రి. తర్వాత మమ్మల్ని పిలవండ్రి.'

నియమాన్ని ఎవరూ తప్పలేదు. దొంగపేర్లతో వచ్చి బూతులు రాసినవాళ్లను లాలయ్య తీసేశాడు. అవి అతనికి బాధ అనిపించలేదు. గుచ్చుకున్నవన్నీ మామా, కాకా, పెద్దనాయినా అని మొదలైనవే. వాటిని తీయడానికి అతని చేతిలో ఏ నియమమూ లేదు.

తెరమీద 'వద్దు' ఓట్లను చూపే గీత రోజురోజుకీ పొడుగైంది.

"కాకా, నువ్వు గమనించినవో లేదో," అన్నాడు ప్రహ్లాద్ ఒకరోజు, "మనదాంట్ల సగం మంది మీ ఊరోళ్లు గాదు. ఎవరో లింకు పంచుకుంటున్నరు. వాళ్లే వచ్చి గుద్దుతున్నరు. ఈ ఓటింగు తీసేద్దాం. ఒక్క మీట నొక్కితే పోతది."

లాలయ్య మౌసు మీదినుంచి ప్రహ్లాద్ చెయ్యి తీసేశాడు.

"అడిగింది నేను. జవాబులు నచ్చలేదని తీసేస్తే నా మాటకు ఇజ్జత్ ఏముంటది? తురకాయన భయపడి తీసేసిండంటరు."

"అంటే అననియ్."

"వద్దు. ఉండనియ్."

వెంకటేశం అంతవరకు ఏమీ రాయలేదు. అతని మాట కోసమే లాలయ్య ప్రతి మధ్యాహ్నం పోయేవాడు. ఎవరు ఏ గీత మీద నొక్కినా, హుస్సేన్ పీరు కింద భుజం పెట్టాల్సింది అతనొక్కడే. అతను వస్తానంటే ఆ గీతలకు అర్థమే లేదు. చంద్రవంకకు నాలుగురోజుల ముందు అతను రాశాడు.

'మామా, దండం. నేను ఎత్తను అని అంటలేను. కానీ నువ్వు అందరినీ అడిగినవు, ఎక్కువమంది వద్దన్నరు. పదిమంది మాట కాదని నేనొక్కణ్ని ఎత్తితే రేపు నన్ను నిలదీస్తరు. నువ్వు పెట్టిన ఓటింగే కదా, దానికి కట్టుబడదాం. నీ మీద గౌరవం ఎప్పటికీ అట్లనే ఉంటది.'

లాలయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. అందులో తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకలేదు.

మరునాడు కిష్టప్ప ఊరినుంచి బస్సులో వచ్చాడు. మోకాలికి గుడ్డ కట్టుకొని, కర్ర పట్టుకొని దుకాణం మెట్టు ఎక్కి, పరుపుల దొంతి మీద కూలబడ్డాడు.

"మెత్తగున్నది బావా. ఇంత మెత్తటి దానిమీద కూసుంటవు కాబట్టే నీకు గిసొంటి ఆలోచనలొస్తున్నయ్."

"ఎవలు జెప్పిండ్రు?"

"నా కొడుకు ఫోన్ జేసిండు. ఓట్లు పెట్టినవంట. పీర్లకు ఓట్లేందిరా? హుస్సేన్ పీరు సర్పంచికి నిలబడ్డదా?"

లాలయ్య నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"ఎవలు ఓటేసిండ్రు? నేను వేసిన్నా? మీ జానమ్మ వేసిందా? డప్పు కొట్టే ఎల్లయ్య వేసిండా? ఊర్ల ఉన్నోన్ని ఒక్కన్ని సూపియ్."

"మీకు కంప్యూటర్ లేదు బావా."

"మరి ఉన్నోళ్లకు పీరున్నదా?"

లాలయ్య మెల్లగా అన్నాడు, "వెంకటేశాన్ని నలుగుట్ల సిగ్గుపడనియ్యొద్దనుకున్న. ఇష్టముంటేనే రమ్మన్న. అది గౌరవం గాదా?"

"గక్కడనే తప్పు జేసినవ్." కిష్టప్ప గొంతులో వెటకారం పోయింది. "వాన్ని అడిగితే వాడు ఆలోచన జేస్తడు. కాలనీ యాదికొస్తది, కమిటీ యాదికొస్తది. అడగకపోతే పొద్దుగాల తానం జేసి బండెక్కి వస్తుండె. మా నాయిన నన్నడిగిండా? మీ నాయిన మా నాయిననడిగిండా? అడిగినంక వాడు రెండిట్ల ఒకటి జెప్పాలె గదా. ఏదో ఒకటి జెప్పాలెనంటే మనిషి తనకు తిప్పలు లేనిది జెప్తడు."

"నువ్వు జెప్పి సూడరాదు బావా?"

"జెప్పిన. 'నాయినా, ఇష్టం లేనోళ్లు రావద్దని మామనే అన్నడు' అంటడు వాడు. ఏమనాలె?"

షిఫ్టు బస్సు వచ్చి ఆగింది, దుమ్ము లేపుకుంటూ పోయింది. లేచేముందు కిష్టప్ప, "గుద్దలి అయితే వెయ్యి. చూద్దాం," అన్నాడు.

లాలయ్య గుద్దలి వేశాడు. ఎల్లయ్య డప్పు కొట్టాడు. గుండంలో నిప్పు వేసిన రాత్రుల్లో ముసలివాళ్లు కొందరు, ఆడవాళ్లు, పిల్లలు వచ్చారు. ఆడే వయసువాళ్లు దూరంగా నిలబడి సెల్లుఫోన్లు చూసుకున్నారు. వాళ్లను రమ్మనడానికి లాలయ్యకు నోరు రాలేదు. ఇదివరకైతే రెక్క పట్టి లాగేవాడు. ఇప్పుడు వాళ్లలో ఎవడు ఏ గీత మీద నొక్కాడో అన్న అనుమానం అతని చేతిని ఆపింది.

చివరిరోజు పొద్దున లాలయ్య మూడు పీర్లనూ కడిగి, ఊదు వేసి, దట్టీలు కట్టాడు. హుస్సేన్ పీరును గడపదాకా తెచ్చి గోడకు ఆనించాడు. జానమ్మ మలీద ముద్దలు చేసింది. పీరు ఎత్తినవాడి కాళ్లమీద పోయడానికి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి వరసగా కూర్చున్నారు. కిష్టప్ప తలస్నానం చేసి, తడిపంచెతోనే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఊరిలోకి వచ్చే రోడ్డు పీర్ల కొట్టం ముందునుంచి చూస్తే ఫ్యాక్టరీ గోడదాకా కనబడుతుంది. మోటారుసైకిలు చప్పుడైనప్పుడల్లా అందరూ అటు చూశారు. ఒకటి పాలవాడిది. ఒకటి కరెంటు బిల్లులవాడిది. కిష్టప్ప కొడుకుకు ఫోను కలిపించాడు. స్విచాఫ్ అని వచ్చింది.

"డ్యూటీల ఉంటడు," అంది జానమ్మ, ఎవరూ అడగకపోయినా.

ఎండ పడమటికి తిరిగేసరికి బిందెలు తెచ్చిన ఆడవాళ్లలో ఒకామె పిల్లకు అన్నం పెట్టాలని లేచిపోయింది. ఆమె బిందె అక్కడే ఉంది. అప్పుడు కిష్టప్ప కర్ర పక్కన పెట్టి లేచాడు.

"తేరా బావా. నేనే ఎత్తుత."

"నీ మోకాలు..."

"తే అంటున్న గదా."

లాలయ్య గడను అతని భుజానికి అందించాడు. కిష్టప్ప రెండు చేతులా పట్టుకొని, కళ్లు మూసుకొని, ఒక అడుగు వేశాడు. డప్పు మొదలైంది. రెండో అడుగు గడప మీద పడాల్సింది. మోకాలు ఒక్కసారిగా మడతపడింది. లాలయ్య ఎడమచేత్తో అతన్ని, కుడిచేత్తో పీరును పట్టుకున్నాడు. డప్పు ఆగింది.

"ఒక పక్క నువ్వు పట్టు," అన్నాడు కిష్టప్ప, ఊపిరి అందక. "ఇద్దరం దాటిద్దాం. ఎవలు చూడొచ్చిండ్రు?"

ముజావరు ఒక చెయ్యి వేస్తే పీరు దాటుతుంది. ఆ సంగతి లాలయ్యకు తెలుసు. కానీ ఆ చెయ్యి తనది. తను మోస్తే, వేరేవాళ్ల పండుగ వేరేవాళ్లు చేసుకుంటే మంచిదన్న మాట తన చేత్తోనే నిజమవుతుంది. ఇన్నేళ్లూ ఈ గడప దగ్గర అతను ఎవరన్నది ఎవరూ తేల్చమనలేదు, ఎందుకంటే అందుకునే భుజం అవతల ఉండేది. ఇప్పుడు అవతల ఎవరూ లేరు.

"వద్దు బావా," అన్నాడు.

కిష్టప్పను అరుగు మీద కూర్చోబెట్టి, పీరును లోపలికి తీసుకుపోయాడు. బయట ఎవరో నీళ్లు గడపమీద కుమ్మరించిన చప్పుడైంది. ఇంటికి మోసుకుపోలేక పోశారో, మొక్కు కోసం పోశారో అతను చూడలేదు. దట్టీలు విప్పి మడత పెట్టి, పీర్లను పెట్టెలో పెట్టాడు. జానమ్మ మలీద ముద్దలు పిల్లలకు పంచింది.

వారం తిరిగాక మధ్యాహ్నం అతను ఇంటర్నెట్ సెంటరుకు పోయాడు. పండుగ అయిపోయినా ఓట్లు పడుతూనే ఉన్నాయి, రెండు గీతల మీదా. కింద వెంకటేశం రాసిన కొత్త మాట ఒకటి ఉంది. 'మామా, పండుగ మంచిగైందా? కంపెనీల ఆడిట్ ఉండె, రాలేకపోయిన.'

లాలయ్య ఒక్కొక్క అక్షరమే నొక్కి జవాబు రాశాడు. 'మంచిగైంది అల్లుడా.'

ప్రహ్లాద్ అది చదివి, "ఈ ఓటింగు తీసెయ్యనా కాకా?" అన్నాడు.

"ఉండనియ్. ఏం చేస్తది?"

ఆ తరువాత అతను ఆ గదికి పోవడం తగ్గించాడు. రోడ్డు అవతల స్పాంజి పరుపుల షోరూం ఒకటి తెరిచారు. వలసవాళ్లు చుట్టి మోసుకుపోగలిగే ఆ పరుపులే కొనడం మొదలుపెట్టారు. లాలయ్య ఏకుడు మిషను వారానికి రెండు మూడు రోజులే తిరిగేది.

ఏడాది తిరిగింది. సన్నటి మొహర్రం చంద్రవంక ఫ్యాక్టరీ పొగగొట్టం పక్కన కనబడిన మరునాడు, గుద్దలి పడాల్సిన రోజున, కిష్టప్ప మోకాలికింద పెట్టుకోవడానికి ఒక చిన్న దిండు కావాలని దుకాణానికి వచ్చాడు. లాలయ్య దూది కూరుతున్నంతసేపూ ఇద్దరూ మోకాళ్ల మందు గురించి, బస్సు గురించి, ఎల్లయ్యకు వచ్చిన దగ్గు గురించి మాట్లాడుకున్నారు. దిండు అందుకుంటూ కిష్టప్ప అన్నాడు, "గుద్దలి యాడున్నది?"

"కొట్టంలనే ఉన్నది, మూలకు."

కిష్టప్ప తలూపాడు. అతని బస్సు వచ్చింది. లాలయ్య చెయ్యి పట్టి మెట్టు దింపాడు. బస్సు పోయేదాకా నిలబడి, లోపలికి వచ్చి మిషను ఆన్ చేశాడు. ఈసారి పండుగ ఎప్పుడని ఆ నెలలో అతన్ని ఎవరూ అడగలేదు.